గొర్రెపిల్ల పీల్చిన మందు

నా పొట్ట మీద, బొడ్డుకు జానెడు పైన, మూడు వాతలున్నాయి. పెళ్ళైన కొత్తలో నా భార్య వాటిని చూసి, ఏ గుడిలో మొక్కుబడి అని అడిగింది. గుడిలో కాదు, గొర్రెల దొడ్డిలో అని చెప్పాను. ఆమె నవ్వింది. నేను చెప్పింది నిజమేనని నమ్మడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

మాది కురబలకోట మండలంలో ఒక మెట్ట ఊరు. మా నాయన గొర్రెల మనిషి. గొర్రెకు దగ్గొచ్చి డొక్కలెగరేస్తుంటే మా వైపు ఇనుపకడ్డీ కాల్చి వాత పెట్టేవాళ్ళు. నాకు ఆరేళ్ళప్పుడు ఆయాసం వచ్చి నా డొక్కలు కూడా అట్లే ఎగిరాయి. మా నాయనకు తెలిసిన వైద్యం అదొకటే. వాతలు పెట్టే ముసలాయన ఎలాగూ మంద దగ్గరికి వచ్చి ఉన్నాడు, కడ్డీ ఎలాగూ కాలి ఉంది. మా నాయన నా కాళ్ళు పట్టుకున్నాడు. ఆ రోజు వాత పడినవాళ్ళం మొత్తం నలుగురం: మూడు గొర్రెలు, నేను. గొర్రెలకు దగ్గు తగ్గింది. నాకు తగ్గలేదు. మా నాయన దాన్ని వైద్యం తప్పుగా కాక నా తప్పుగానే చూశాడు.

ఆయన్ను తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. తిట్టాల్సినవి ఎప్పటికప్పుడు ఎదురుగానే తిట్టేశాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి ఆ సౌకర్యం ఉంది.

ఆయాసం నాతోపాటే పెరిగి పెద్దదైంది. ఊపిరి తీసి వదిలేటప్పుడు ఛాతీలో వచ్చే శబ్దాన్ని పిల్లికూతలంటారు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టని సామెత. నేను పెళ్ళిచూపులకు ఛాతీలో పెట్టుకొని పోయాను. గదిలో అందరూ మాటలు ఆపిన ఒక్క క్షణంలో అది కూసింది. మా కాబోయే అత్తగారు మంచం కింద వెతికారు.

ఆ తర్వాత కండక్టరు ఉద్యోగం వచ్చింది. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం, మళ్ళీ వెనక్కి. ఊపిరి చాలని మనిషికి విజిల్ ఊదే ఉద్యోగం ఇవ్వడంలో దేవుడి వెటకారం ఉందనుకుంటాను. మదనపల్లెలో టమోటా లారీల దుమ్ముకు తుమ్ములు, పుంగనూరులో సంత నాటి పేడ దుమ్ముకు దగ్గు, కుప్పం దగ్గర పడేసరికి రాళ్ళు కోసే పొడికి ఆయాసం. టికెట్లకు స్టేజీలున్నట్టే నా రోగానికీ స్టేజీలుండేవి.

తుమ్ములతో ఇంకో చిక్కు. బస్సు కదిలేటప్పుడు ఒక్క తుమ్ము తుమ్మితే అపశకునం, రెండు తుమ్మితే మంచిదే అని మా డ్రైవరు నమ్మకం. నేను వరసగా పదకొండు తుమ్మేవాణ్ణి. అది బేసి సంఖ్య కాబట్టి ఇంకొకటి తుమ్మేదాకా ఆయన గేరు వేసేవాడు కాదు.

"తుమ్మన్నా, తుమ్ము. టయిమయితాండాది," అనేవాడు అద్దంలోంచి చూస్తూ. అడిగినప్పుడు రావు కదా తుమ్ములు.

చివరికి ఆ డ్రైవరే విసిగిపోయి నన్ను కుప్పంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. కుప్పంలో బస్సు గంటన్నర ఆగుతుంది. ఆ గంటన్నరలో నేను భోంచేసి కునుకు తీసేవాణ్ణి. కునుకు పోగొట్టుకున్నందుకు కోపంగానే వెళ్ళాను. అప్పటికి నా దగ్గర ఆయాసానికి నోటితో పీల్చే నీలం రంగు పంపు ఒకటి ఉండేది. మందులషాపులో అడిగితే ఇచ్చారు, నేను వాడుతున్నాను, అంతే.

"యెట్ల పీలుస్తావో సూపీప్పా," అంది డాక్టరమ్మ.

నోరు తెరిచాను, పంపును జానెడు దూరంలో పట్టుకున్నాను, టక్కున రెండుసార్లు కొట్టి నోరు మూశాను.

ఆమె నా నోట్లోకి తొంగి చూసింది. "నోట్లో దోమలేమన్నా ఉండాయా?"

నేను నవ్వలేదు. ఆమే నవ్వింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కొని, నా చేతిలోని పంపు తీసుకొని, చిన్నపిల్లలకు అఆలు దిద్దించినట్టు చెప్పింది. ముందు మూత తీసి లోపల ఏదైనా ఇరుక్కుందేమో చూసుకోవాలి. నా పంపులో నిజంగానే చిరిగిన టికెట్టు ముక్క ఒకటి ఉంది, అది నా ఊపిరితిత్తుల దాకా ప్రయాణం చేయకపోవడం నా అదృష్టం. బాగా ఊపాలి. ఊపిరంతా బయటికి వదిలేయాలి. పంపును పెదాలతో గట్టిగా మూసి పట్టుకొని, మెల్లగా లోపలికి పీల్చడం మొదలుపెట్టి, అప్పుడు నొక్కాలి. పీల్చినంత పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. రెండోది కావాలంటే ఒక నిమిషం ఆగాలి. నేను ఇన్నేళ్ళూ ఆ మందుతో నా నాలుకకు వైద్యం చేశానని ఆమె తేల్చింది.

ముక్కుకు వేరే స్ప్రే ఇచ్చింది. "తల వెనక్కి వాల్సొద్దు, కొంచిం ముందుకు వంచు. కుడిసేత్తో ఎడమ ముక్కులో కొట్టు, ఎడమసేత్తో కుడిముక్కులో. మద్దెగోడకు తగలనీయొద్దు, సెవి పక్కకు తిప్పు. ఎగబీల్సొద్దు." ముక్కులో మందు వేసుకోవడానికి ఇంత ట్రాఫిక్ రూలు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఊపిరికి ఇంకో పంపు కూడా ఇచ్చింది, కాషాయం రంగుది. నీలంది ఆయాసం వచ్చినప్పుడు గొట్టాలను తెరుస్తుందనీ, కాషాయంది రోజూ పొద్దునా సాయంత్రం పీలిస్తే అసలు ఆయాసమే రానివ్వదనీ, పీల్చాక నీళ్ళతో నోరు పుక్కిలించి ఉమ్మేయకపోతే నోట్లో తెల్లగా పొర కడుతుందనీ చెప్పింది. నీలం పంపు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమైతే రోగం అదుపులో లేదని అర్థం, వెంటనే నా దగ్గరికి రా అంది. "ఇవి నువ్వు పుట్టకముందు నుంచీ ఉండాయప్పా. నువ్వే లేటుగా వచ్చినావు," అని కూడా అంది.

తలూపి వచ్చేశాను. నీలం పంపు కొడితే పది నిమిషాల్లో ఛాతీ తెరుచుకునేది. కాషాయం పంపు కొడితే ఏమీ జరిగేది కాదు. జరగకుండా చూడటమే దాని పని అని ఆమె చెప్పింది గానీ, ఇల్లు తగలబడుతుంటే బావి తవ్వే రకం మనిషిని నేను. కాషాయం పంపు అలమరలో నిద్రపోయింది. నీలంది రోజుకు రెండు మూడుసార్లు పనిచేసింది. ఒకరోజు వరసగా ఆరుసార్లు కొట్టేసరికి గుండె దడదడలాడి, చేతులు వణికి, పుంగనూరులో దిగాల్సిన పెద్దమనిషికి కుప్పం టికెట్టు కొట్టాను.

ఇంట్లో ఈ పంపుకు ఒక శత్రువు ఉన్నాడు. మా నాయన దాన్ని బుడ్డి అనేవాడు. మా వైపు ఆ మాటను సారాయికి కూడా వాడతారు.

"పొద్దున్నే మొదులుపెట్నాడు సూడు బుడ్డి. అది మరిగితే ఇంగ ఇడ్సదు రేయ్. సావుకు ముందర ఇచ్చే మందది. నా మాదిరి గాలికి ఎండకు తిరిగింటే నీకు ఈ రోగమొచ్చునా?"

"నీ గొర్రెల ఎంటిక పీల్చే వచ్చింది నాయనా."

"నేను పీల్చలేదా అరవైయేండ్లు? నాకొచ్చిందా?"

ఈ సంభాషణ మా ఇంట్లో సుప్రభాతం లాంటిది. తర్వాత ఆయన గొర్రెలను తోలుకొని పోయేవాడు. సాయంత్రం వచ్చి దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కొక్క గొర్రెనూ లోపలికి వదులుతూ లెక్కపెట్టేవాడు. ఆయన లెక్కలో ఒకటి ఉండదు. వడ్లు కొలిచేవాళ్ళ మాదిరి "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని పోతాడు. ఒకటి అంటే ఒకటే మిగులుతుందని భయం. ఎప్పుడూ మందంతా వినేలా గట్టిగా లెక్కపెట్టేవాడు. ఈమధ్య ఆ గొంతు తగ్గింది. ఎనిమిదో తొమ్మిదో దగ్గర ఆగి, దొడ్డి వాకిలి గడిని పట్టుకొని, మళ్ళీ మొదలుపెట్టేవాడు. వయసు మీదపడి లెక్క మరిచిపోతున్నాడనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు తేలిగ్గా ఉండింది.

పాత పంపులో మందు ఎంత ఉందో తెలిసేది కాదు. టెంకాయ ఊపినట్టు చెవి దగ్గర ఊపి చూసేవాణ్ణి. డిపోలో ఒకాయన సలహా మీద లోటా నీళ్ళలో వేసి తేలుతుందా మునుగుతుందా అని కూడా పరీక్షించాను. అది విని డాక్టరమ్మ రెండు చేతులూ జోడించి, వెనకవైపు అంకెలు కనిపించే పంపు రాసిచ్చింది. నొక్కినప్పుడల్లా ఒక అంకె తగ్గుతుంది. పాతదాన్ని ఇంటి వెనక చెత్తలో పారేశాను.

ఆ అంకెలే ఇంటిదొంగను పట్టించాయి. ఒకరోజు పొద్దున నూట అరవై రెండు ఉంది. మర్నాడు పొద్దునకు నూట నలభై తొమ్మిది. నేను కొట్టింది నాలుగుసార్లు. మిగతా తొమ్మిది ఎవరు కొట్టారు?

నా భార్యను అడిగితే, "నీ ఎంగిలి నాకేం పని?" అంది. కాలేజీకి పోయే నా కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండా, "మీటరు టాంపరింగ్ నాయనా," అంది. మా నాయనను ఇంకా అడగనే లేదు. వాకిట్లో తాడు పేనుతున్నవాడు అక్కడి నుంచే అరిచాడు.

"నేను ముట్టలేదప్పా నీ బుడ్డిని!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తాడు పేనడం ఆపకుండానే మెల్లగా అన్నాడు.

"గొర్రెపిల్లకు కొట్నా."

"దేనికీ?"

"అదే, ఆ నల్లమూతి పిల్లకు. ముక్కు కారతా ఉండాది, ఆయాసపడతా ఉండాది. నీకు పనిజేసేది దానికి సేయదా?"

నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట గొర్రె వైద్యం నాకు చేసినవాడు, ఇప్పుడు నా వైద్యం గొర్రెకు చేస్తున్నాడు. ఇంతకంటే న్యాయం ఎక్కడుంటుంది? మర్నాడు డిపోలో చెప్తే అందరూ పొట్ట పట్టుకున్నారు. మీ గొర్రెకు ఏ డ్యూటీ వేస్తారన్నా అని ఒకడు, విజిల్ కూడా ఇయ్యి అని ఒకడు. ఆ వారమంతా నన్ను చూసి మే మే అని అరిచారు.

కుప్పంలో డాక్టరమ్మకు కూడా చెప్పాను. ఈసారి ఆమె పడిపడి నవ్వుతుందని ఎదురుచూశాను. ఆమె నవ్వలేదు.

"ఆ గొర్రెపిల్ల ఎట్ల ఉండాది?"

"దానికేం మేడమ్, ఎగిరి గంతులేస్తాండాది."

"రోజుకు తొమ్మిదిసార్లు కొడితే అరచెయ్యంత పిల్ల గుండె అదిరి సచ్చిపోవల్ల గదప్పా. నొక్కేటప్పుడు పీల్సమని దానికెవురు సెప్పినారు? మీ ఇంట్లో ఈ మద్దె ఎవురికి సేతులొణుకుతా ఉండాయి?"

కండక్టరు ఉద్యోగంలో లెక్క తప్పితే వెంటనే తెలుస్తుంది. ఇది తెలియడానికి నాకు అరనిమిషం పట్టింది. పొద్దున రాగిజావ తాగేటప్పుడు మా నాయన లోటాను రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా అంచు దాటి ఒలికింది. గడి పట్టుకొని ఆగడం, లెక్క మధ్యలో తెగిపోవడం, మంచం మీద పడుకోకుండా గోడకానుకొని కూర్చొని నిద్రపోవడం, అన్నీ నేను చూసినవే.

డాక్టరమ్మ బల్ల సొరుగులోంచి ఒక గొట్టం తీసి ఇచ్చింది. చెంబంత ప్లాస్టిక్ గొట్టం, ఒక వైపు పంపు బిగించడానికి బొక్క, ఇంకో వైపు నోరు పెట్టుకునే మూతి. నొక్కగానే మందు గొట్టంలో నిలుస్తుంది, మెల్లగా పీల్చుకోవచ్చు, నొక్కడానికీ పీల్చడానికీ జత కుదరని ముసలివాళ్ళకు ఇదే మేలు అంది. "ఇది మీ గొర్రెపిల్లకు. రేపే తోలుకొని రా దాన్ని. నీ పంపు దానికి రాసింది గాదు. దాని గుండె సూడల్ల, ఊపిరి సూడల్ల, దాని మందు దానికి రాయల్ల."

రేపే అంది ఆమె. నాకు సెలవు శుక్రవారం. శుక్రవారం పోదాంలే అనుకున్నాను.

ఆ సాయంత్రం అడిగితే మా నాయన ఇంతెత్తు లేచాడు. నేను అబద్ధమాడతానా అన్నాడు. సాక్ష్యానికి ఆ గొర్రెపిల్లను ఎత్తుకొచ్చి నా ఒళ్ళో వేశాడు. అది నా చొక్కా గుండీ కొరికింది. అరవయ్యేళ్ళు ఎండకు గాలికి తిరిగినవాడికి ఏ రోగమూ లేదని ఊరందరి ముందూ చెప్పుకున్న మాట ఉంది. ఆ మాట కాపాడుకోవడానికి ఆయనకు ఆ పిల్ల తప్ప వేరే దిక్కు లేదు. నాకు విసుగొచ్చింది. మాటకు మాట పెరిగింది. పంపును తీసి, గొట్టంతో పాటు టికెట్ల సంచి లోపలి అరలో వేసి, దానికి తాళం వేశాను. దొంగ దొరికాడు, సొమ్ము దొరికింది, కేసు అయిపోయిందని హాయిగా భోంచేశాను.

నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో అది మొదటిది. మా నాయనకు దక్కుతున్న ఆ కాస్త ఊపిరినీ సంచిలో వేసి తాళం పెట్టాను.

రెండు రోజుల తర్వాత పుంగనూరు సంత. మా నాయన ఒక పొట్టేలును చూడటానికి నా బస్సే ఎక్కాడు. నాతో మాటల్లేవు. డ్రైవరు వెనక సీట్లో కూర్చొని టికెట్టు తీసుకున్నాడు, ముక్కూముఖం తెలియని ప్రయాణికుడి మాదిరి. సంతరోజు కాబట్టి బస్సు కిక్కిరిసి ఉంది. సగం దారిలో ఎవరో ఎండుమిరప మూట ఎక్కించారు. మూట కుట్లు ఊడి ఘాటు లేచింది. బస్సంతా దగ్గింది, తిట్టింది, కిటికీలు తెరిచింది, సర్దుకుంది.

ఒక్క దగ్గు మాత్రం ఆగలేదు.

జనాన్ని తోసుకొని ముందుకొచ్చాను. మా నాయన ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులూని, భుజాలతో ఊపిరి ఎత్తుతున్నాడు. మెడ దగ్గర చర్మం లోపలికి పోతోంది. రొంటిలోంచి ఒక పంపు తీసి నోటికి పెట్టుకున్నాడు. నేను చెత్తలో పారేసిన పాత పంపు. నొక్కితే తుస్సుమంది. మళ్ళీ నొక్కాడు. అందులో ఉత్త గాలి తప్ప మందు లేదు. తలెత్తి నన్ను చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టు అరవలేదు, అడగలేదు. నన్ను ఏనాడూ ఏమీ అడగని మనిషి.

"పండబెట్టండప్పా ముసిలాయన్ని," అన్నారెవరో.

"పండబెట్టొద్దు! ఇంకా ఊపిరాడదు. కూసోనీండి," అని అరిచాను.

వెనక సీటు అవ్వ ఒకామె తాళంచెవుల గుత్తి విసిరింది. "సేతిలో పెట్టు నాయనా!"

"ఫిట్సు గాదవ్వా!"

సంచి లోపలి అర తాళం తీశాను. గొట్టం తీసి, పంపు ఊపి, బిగించాను. గొర్రెకు మందు తాపేటప్పుడు దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, గడ్డం కింద చెయ్యి పెట్టి నిలబెట్టాలని ఈయనే నాకు నేర్పాడు. ఊగే బస్సులో అట్లాగే నా రెండు మోకాళ్ళ మధ్య ఆయన్ను బిగించి, గడ్డం కింద చెయ్యి పెట్టి, గొట్టం నోటికి పెట్టాను. పెదాలు మూసి పట్టుకో నాయనా అన్నాను. ఒకసారి నొక్కాను. ఆయన బిగబట్టే స్థితిలో లేడు. గొట్టంలోనే నాలుగైదుసార్లు ఊపిరి తీసి వదిలినా చాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ నాలుగైదే ఆయనకు కొండ ఎక్కినట్టుంది. మొదటి ఊపిరి తీయలేక గొట్టం వదిలేయబోయాడు.

నా నోటికి ఏమొచ్చిందో అదే అన్నాను.

"లాభం."

ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి. పీల్చాడు.

"రెండు... మూడు... నాలుగు..."

"ఏందప్పా, వడ్లు కొలస్తాండావా?" అని పక్కన నిలబడ్డాయన అడిగాడు. మళ్ళీ ఊపి, మళ్ళీ ఒకటి నొక్కి, మళ్ళీ లాభం దగ్గర నుంచి మొదలుపెట్టాను. మా డ్రైవరు ఇక ఏ స్టేజీలోనూ ఆపలేదు. దిగాల్సినవాళ్ళు గోల చేస్తే, "దింపతా, అందరినీ ఆసుపత్రిలో దింపతా," అన్నాడు. రైట్ చెప్పాలని విజిల్ నోట్లో పెట్టుకున్నాను. అది మోగలేదు. నేను ఏడుస్తున్నాను.

పుంగనూరు ఆసుపత్రి వాకిట్లోకి నిండు బస్సు వెళ్ళింది. ఊరు దాటిపోయిందని దారంతా నన్ను తిట్టిన మనిషే మా నాయనను ఒకవైపు పట్టుకొని దింపాడు. లోపల ఆక్సిజన్ పెట్టి, పొగమందు పెట్టారు. ఆ మాస్కుతో లేగదూడకు చిక్కం కట్టినట్టున్నాడు. గంటకు పెదాలకు రంగొచ్చింది. నర్సమ్మ కాగితం తీసుకొని, ఆయాసం ఎన్నాళ్ళ నుంచి పెద్దాయనా అని అడిగింది.

మా నాయన మాస్కు కొంచెం పక్కకు జరిపాడు.

"నాకు గాదమ్మా. గొర్రెపిల్లకు."

నర్సమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. అప్పుడు ఆయన కళ్ళు మూసుకొని, మాస్కు లోపలి నుంచి, "రెండేండ్లాయ," అన్నాడు.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. శుక్రవారం కుప్పం తీసుకెళ్ళాను. డాక్టరమ్మ వాకిట్లోనే, "గొర్రెపిల్ల వచ్చినాదా?" అంది. మా నాయన అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో సిగ్గుపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఊదించి చూసింది, గుండె చూసింది, ఆయన మందులు ఆయనకు రాసింది. ఒకరి పంపు ఇంకొకరు వాడకూడదు, ఆ పూట బస్సులో చేసింది మాత్రం తప్పు కాదు, రేపే రమ్మంటే రాకపోవడమే తప్పు అని నాకు అక్షింతలు వేసింది. నా కాషాయం పంపు గురించి కూడా అడిగింది. అబద్ధం చెప్పబోయి, పక్కన ఆయన ఉన్నాడని నిజం చెప్పాను. ఇద్దరూ కలిసి తిట్టారు.

ఇంటికి రాగానే మా నాయన ఎర్రమట్టి జాజు తడిపి, మా గొర్రెల వీపు మీద పెట్టే గుర్తే తన పంపుల మీద పెట్టుకున్నాడు. మందలు కలిసిపోకుండా పెట్టే ఎర్ర గుర్తు అది. నా మందు నా మందలో, తన మందు తన మందలో. ఇన్ని చెప్పిన డాక్టరమ్మకు కూడా తట్టని ఉపాయం.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం వాకిట్లో కూర్చొని కాషాయం పంపులు పీలుస్తాం. ఆయన ఇప్పుడు బిగబట్టగలడు. ఆయన బిగబట్టినప్పుడు నేను గట్టిగా లెక్కపెడతాను, నేను బిగబట్టినప్పుడు ఆయన వేళ్ళు మడుస్తాడు. నేను తొమ్మిదికే వదిలేస్తే నా మీద కళ్ళెర్రజేస్తాడు. తర్వాత ఇద్దరం పుక్కిలించి మునగచెట్టు మొదట్లో ఉమ్ముతాం. నీలం పంపు నాకు ఈమధ్య వారానికొకసారి కూడా అక్కర్లేదు. డ్రైవరు మాత్రం కొంచెం దిగులుగా ఉన్నాడు, బస్సు కదిలేటప్పుడు ఏ శకునమూ లేదని.

మొన్న ఒకరోజు స్నానం చేసి చొక్కా లేకుండా వచ్చి కూర్చున్నాను. మా నాయన పంపు మూత తీసి, నోటి దాకా తెచ్చి, ఆగాడు. నా పొట్ట వైపు చూస్తున్నాడు.

"రేయ్," అన్నాడు. "ఈ బుడ్డి అప్పుడు ఉండింటే నీకు వాతలు పెట్టిచ్చిందునా?"

ముప్పై తొమ్మిదేళ్ళుగా ఈ సందు కోసమే కాచుకొని ఉన్నవాణ్ణి. నువ్వు పుట్టకముందు నుంచీ ఉండాయప్పా అని డాక్టరమ్మ అన్న మాట నా నాలుక మీదే ఉంది. ఆయన పంపును నోటి దగ్గరే పట్టుకొని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"అప్పుడు ఇయ్యి యాడుండాయి నాయనా," అన్నాను. "మొన్న మొన్న వచ్చినాయి."

గొర్రెపిల్ల తర్వాత మా ఇంట్లో పుట్టిన రెండో అబద్ధం అది. ఆయన తలూపాడు, ఊపిరంతా వదిలాడు, పంపు నోట్లో పెట్టుకొని మెల్లగా పీల్చాడు.

"లాభం," అని మొదలుపెట్టాను.